కదలని ముల్లు

ఫోను మళ్లీ మోగింది. అరగంటలో ఇది నాలుగోసారి.

"ఎంతవరకు వచ్చిందన్నా?" అవతల ఆసుపత్రి పంపు మెకానిక్.

"ఇప్పుడే మొదలుపెడుతున్నా. నువ్వు ఫోను పెట్టేస్తే నా చేతులు ఆడతాయి."

లేతు నడిపే టర్నర్ ఫోనును బల్ల మీద పడేశాడు. కోపం మెకానిక్ మీద కాదు. భయం అలా బయటికి వచ్చింది.

ఆసుపత్రికి నీళ్లెక్కించే పంపు ఇరుసు, అదే షాఫ్టు, తెల్లవారేసరికి నడుమకు విరిగి ఉంది. ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. డయాలసిస్ మిషన్లు ఆగిపోయాయి. రోగుల బంధువులు బకెట్లు పట్టుకుని వీధుల్లో తిరుగుతున్నారు.

కొత్త షాఫ్టును చెక్కగల లేతు దగ్గరలో ఇదొక్కటే. సరిపోయే ఉక్కు కడ్డీలు షెడ్డులో రెండే ఉన్నాయి. విరిగిన ముక్కల్నీ పంపు చక్రాన్నీ మెకానిక్ పొద్దున్నే తెచ్చి పడేసి వెళ్లాడు.

షాఫ్టు కొస క్రమంగా సన్నబడుతూ పోవాలి. దానినే టేపరు అంటారు. ఆ కొస మీద పంపు చక్రం గట్టిగా కరుచుకుని కూర్చోవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఊగుతుంది, ఊగితే మళ్లీ విరుగుతుంది.

టర్నర్ ఉలిని నడిపే లేతు స్లైడును పక్కకు తిప్పాడు. దాని మీది గీతలు చూసి కోణం సరిపెట్టి, నట్లు బిగించాడు.

"ఆ గీతల్ని నమ్మకు బాబూ."

టర్నర్ ఉలిక్కిపడ్డాడు. గుమ్మం పక్కన చెక్కపెట్టె మీద ఎవరో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మొహం ఉబ్బి ఉంది. ఎప్పుడొచ్చాడో తెలియదు.

"ఎవరు కావాలండీ?"

"ఎవరూ అక్కర్లేదు. లేతు చప్పుడు వినిపిస్తే కాళ్లు ఇటు లాగాయి. కాసేపు కూర్చుంటాను."

చుట్టుపక్కల ఇలాంటి పెద్దవాళ్లకు కొదవలేదు. టర్నర్ పట్టించుకోకుండా కడ్డీని పట్టుకుని తిప్పే చక్‌లో బిగించాడు.

"విరిగిన ముక్క ఉందిగా," పెద్దాయన వదల్లేదు. "టేపరున్న ముక్కను చక్‌లో పెట్టు. దాని మీద తేడా చూపే డయల్ ఆనించి స్లైడు నడుపు. డయల్ ముల్లు కదలకుండా ఉంటేనే కోణం సరిగ్గా ఉన్నట్టు."

"నాకు తెలుసండీ. దానికి ఇప్పుడు టైము లేదు."

"పావుగంట పని. నిదానంగా చెయ్యి బాబూ, తొందరపడకు."

అంతే, టర్నర్‌కు చిర్రెత్తుకొచ్చింది.

"ఇరవై ఏళ్లుగా ఈ లేతుతో కాపురం చేస్తున్నాను. దీని గుణం నాకు తెలీదా? అవతల మనుషుల ప్రాణాలు నా చేతిలో ఉన్నాయి. పనీపాటా లేనివాళ్లకేం, నిదానంగానే ఉంటుంది! కాస్త బయటికి నడవండి."

పెద్దాయన గోడ పట్టుకుని లేచాడు. లేవడానికే ఆయాసపడ్డాడు.

"కోప్పడకు బాబూ. కడ్డీ పాడవకూడదనే చెప్పాను."

ఎండలోకి మెల్లగా నడిచి వెళ్లిపోయాడు. టర్నర్ తలెత్తి కూడా చూడలేదు.

రెండు గంటలు లేతు మీద వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. తర్వాత చక్రం ఎక్కడెక్కడ ఆనుతుందో తెలియడానికి కొస మీద నీలం రంగు పలచగా రాసి పంపు చక్రాన్ని ఎక్కించి చూశాడు.

చక్రం ఊగింది.

తీసి చూస్తే రంగు లావు వైపే చెదిరింది. సన్నటి వైపు చక్రం ఎక్కడా ఆనలేదు. అక్కడ లోహం ఎక్కువగా తెగిపోయింది. తెగిన లోహాన్ని మళ్లీ అతికించే విద్య ఏ టర్నర్‌కూ రాదు.

టర్నర్ ఆ కడ్డీని విప్పి పక్కన పెట్టాడు.

ఫోను మోగింది. తీయడానికి ధైర్యం చాలలేదు.

ఇంకొక్క కడ్డీ. అంతే ఉంది.

అభిమానాన్ని దిగమింగుకుని విరిగిన ముక్కను చక్‌లో పెట్టాడు. డయల్ ఆనించి స్లైడు నడిపాడు. ముల్లు గిర్రున తిరిగింది. గీతల పలక ఎప్పుడు జరిగిందో ఏమో, ఇరవై ఏళ్ల కాపురంలో ఆ సంగతే అతనికి తెలియలేదు.

నట్లు వదులు చేసి, స్లైడును చెక్క సుత్తితో ఒక్కో పిసరు జరుపుతూ పోయాడు. చివరికి ముల్లు ఉన్నచోటే నిలబడిపోయింది.

'ఆయన ఏళ్ల తరబడి లేతు మీద చేయి తిరిగిన మనిషే అయ్యుంటాడు,' అనుకున్నాడు. 'దొరికితే కాళ్లు పట్టుకోవాలి.'

గుమ్మం దాకా వెళ్లి అటూ ఇటూ చూశాడు. వీధిలో ఎవరూ లేరు.

మరో రెండు గంటలకు రెండో షాఫ్టు మీద చక్రం కూర్చున్నాక, తీయడానికి సుత్తి దెబ్బ వేయాల్సి వచ్చింది. టర్నర్ ఊపిరి పీల్చుకున్నాడు. అప్పటికే బండి మీద వచ్చి నిలుచున్న మెకానిక్ షాఫ్టునూ చక్రాన్నీ గుడ్డలో చుట్టుకున్నాడు.

"నువ్వూ రా అన్నా. బిగించేటప్పుడు పక్కనుంటే నాకు ధైర్యం."

పంపు గదిలో స్విచ్చు వేయగానే మోటారు సాఫీగా తిరిగింది. పైన ట్యాంకులో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది. మెకానిక్ టర్నర్‌ను గట్టిగా వాటేసుకున్నాడు.

"దేవుడివన్నా నువ్వు!"

టర్నర్ సిగ్గుపడుతూ నవ్వాడు. ఇద్దరూ వరండాలోకి వచ్చారు.

ఎదురుగా ఒక స్ట్రెచర్‌ను పరుగున తోసుకొస్తున్నారు. దారివ్వడానికి టర్నర్ గోడకు ఒదిగాడు.

ఆక్సిజన్ మాస్కు కింద ఉన్నది ఆ పెద్దాయనే. కళ్లు మూసుకుని ఉన్నాయి.

స్ట్రెచర్ ఎమర్జెన్సీ తలుపుల వెనక్కి వెళ్లిపోయింది.

"ఎవరు... ఎవరాయన?" టర్నర్ మెకానిక్ చేయి పట్టుకున్నాడు.

మెకానిక్ నిట్టూర్చాడు.

"డయాలసిస్‌లో పొద్దున మొదటి వంతు ఆయనదే అన్నా, పాపం మన షాఫ్టు ఒక్క రెండు గంటల ముందు వచ్చుంటే ఇంతదాకా వచ్చేది కాదంటున్నారు."