దిగని గుట్ట

గుట్ట ఈసారీ దిగలేదు.

ఆమె కంప్యూటర్ తెర వంక గుర్రుగా చూసింది. ఊరి చెత్తంతా ఇరవయ్యేళ్లు పోసి, పైన మట్టి కప్పి మూసేసిన గుట్ట అది. లోపల చెత్త కుళ్లేకొద్దీ పైన కుంగాలి. ఏ ఏడు ఎంత కుంగుతుందో ముందే చెప్పే లెక్కను ఆమె కంటికి కునుకు లేకుండా తయారుచేసింది. రెండేళ్లలో తొమ్మిది సెంటీమీటర్లు అంది లెక్క. కొలిస్తే రెండు.

"చెత్త మీద కట్టిన లెక్క చెత్త లెక్కే అయిందన్నమాట," అన్నారు పెద్దసారు. "గుట్ట కుదురుకుందమ్మా. సోమవారం సంతకం పెట్టేస్తాను. పైన పిల్లల ఆటస్థలం, చిన్న భవనం."

"వద్దు సార్! ఇంకా కుంగుతుంది. గోడలు పగులుతాయి. పిల్లలు తిరిగే చోటు!"

"నీ లెక్కను నమ్మమంటావా, మన రసమట్టం కొలతను నమ్మమంటావా?"

రసమట్టం అంటే ఆఫీసులో కొలతలు తీసే పెద్దాయన. ఎన్నడూ వెంట్రుకవాసి తేడా రానివ్వలేదని ఆ పేరు. కదలని గుర్తు ఒకటి పెట్టుకుని, దానికంటే గుట్ట ఎంత ఎత్తుందో ఏడాదికి రెండుసార్లు కొలిచి కాగితం తెచ్చిస్తాడు. ఆయన కొలతకు తిరుగులేదు.

అంటే తప్పు తనదే. సాయంత్రం దాకా వెతికింది. తేమ మార్చింది. బరువు మార్చింది. లెక్క కుక్కతోకలా మళ్లీ తొమ్మిది దగ్గరికే వచ్చింది.

ఇంటికొస్తే పడగ్గది తలుపు సగంలోనే బిగుసుకుపోయి ఉంది. గుట్టకు కూతవేటు దూరంలో, కొత్త కాపురానికని ఆఫీసువాళ్లిచ్చిన క్వార్టర్. నాలుగు నెలల్లో మొగుడు ఆ తలుపును రెండుసార్లు చిత్రిక పట్టాడు.

"గుట్ట దిగదు, తలుపు మూసుకోదు! అన్నీ నా ప్రాణానికే!" ఒక్క తన్ను తన్నింది.

"గుట్ట మీద కోపం తలుపు మీదా?" వంటింట్లోంచి నవ్వాడు. "ఇటు రా. పందెం వేద్దాం."

అది వాళ్లిద్దరి ఆట. వంటగట్టు మీద చెరో నిమ్మకాయ పెట్టి వదిలేస్తే, రెండూ దొర్లుకుంటూ కిటికీ మూలకు చేరతాయి. ఎవరి కాయ వెనకబడితే వాళ్లు షర్బత్ కలపాలి. కాపురానికొచ్చిన కొత్తలో కాయలు నిదానంగా నడిచేవి. ఈ మధ్య పరుగే పరుగు.

ఆమె కాయ గెలిచింది.

షర్బత్ కలిపిచ్చి, మిగిలిన నిమ్మతొక్కతో అతను గుమ్మం మెట్టు దగ్గర చతికిలబడ్డాడు. మెట్టు మీద ఎవరో ఎప్పుడో పాతిన ఇత్తడి బొడిపె ఒకటుంది. దాన్ని తళతళలాడేలా తోమడం అతని ముచ్చట.

"ఇంట్లో బంగారానివి నువ్వు. ఇత్తడి ఇది."

ఆమె నవ్వింది. గ్లాసు సగమయ్యేదాకా కూడా ఆ నవ్వు నిలవలేదు.

"లెక్క తప్పు కాదు," అని గొణిగింది. "నా కళ్లతో చూస్తే గానీ ఒప్పుకోను."

రసమట్టానికి ఫోను చేసింది.

"బాబాయ్, రేపు ఇంకోసారి కొలుద్దాం. నేనూ వస్తాను."

"ఎండలో నువ్వెందుకమ్మా? నా మీద నమ్మకం లేదా?"

"అయ్యో, అదేం లేదు. సోమవారం పెద్దసారు సంతకం పెట్టేస్తారు. మొదటి నుంచీ ఒకసారి చూస్తానంతే. ఆ కదలని గుర్తు ఎక్కడుంది? పొద్దున్నే అక్కడికి వచ్చేస్తాను."

అవతల పెద్దాయన పకపకా నవ్వాడు.

"నువ్వు రావడమేంటమ్మా, నేనే మీ ఇంటికొస్తాను, ఆ గుర్తు మీ గుమ్మం మెట్టు మీది ఇత్తడి బొడిపే కదా, ఈ గుట్ట రాకముందు ఊరి చెత్త పోసిన పాత గుంటను పూడ్చి కట్టిన ఇల్లది, నేల ఈపాటికి రాయైపోయుంటుందని నేనే పాతాను!"