ఒకే సున్నపు బుర్ర

“నా నోరేమన్నా నీ ఎలుకల నోరనుకున్నావా, పట్టుకుని తెరిపించడానికి?” అంది గేవా, ఎర్రటి ఉమ్మిని, నీళ్లలో గుంజల మీద కట్టిన ఇంటి నేలచెక్కల సందులోంచి కింద సముద్రంలోకి వదులుతూ.

“ఒక్క నిమిషం అమ్మా.” కూతురు బోయో టార్చి వెలిగించి, ఆర్పి, మళ్లీ వెలిగించింది.

ఇంట్లో అందరి నోళ్లూ చూస్తానని పొద్దుట్నుంచీ ఇదే గొడవ. ప్రయోగశాలలో తాగే నీళ్లలో రసాయనం కలిపి ఎలుకల నాలుకల మీద క్యాన్సర్ పుట్టించి, అది ఎలా పెరుగుతుందో చూడటం బోయో ఉద్యోగం.

“నీ ఎలుకలు వక్క నమలవు కదే?” అన్నాడు తండ్రి ఇగో.

“నమలవు నాన్నా. వాటికి పదహారు వారాల్లో తెల్లమచ్చ వస్తుంది. మనకు ఏళ్లు పడుతుంది. అంతే తేడా.”

“మన హనువాబాద ఊళ్లో వక్క నమలనిదెవరో చూపించు,” అంది గేవా. “మొన్నటిదాకా నా పక్కన కూర్చుని నమిలినదానివే. ఇవాళ పెద్ద డాక్టరమ్మవయ్యావు.”

“ముందు నన్ను చూడక్కా. అమ్మ నోరు తెరిస్తే మళ్లీ మూయించలేం,” అన్నాడు తమ్ముడు వాగి. గేవా వక్కతొక్క తీసి వాడి మీదికి విసిరింది.

బోయో చెంచా కాడతో వాడి నాలుక ఎత్తి చూసింది. బుగ్గల లోపల చూసింది. ఏమీ లేదు. తండ్రికీ లేదు.

“ఇక నువ్వే అమ్మా.”

“వాళ్లకు లేదుగా. నన్నొదిలెయ్.”

“ఒక బోనులో ఒకే నీళ్లు తాగినవాటిని అన్నిటినీ చూడాలమ్మా. వక్కలోకి మన నలుగురం సున్నం తీసుకునేది ఒకే సున్నపు బుర్రలోంచి.”

బోయో టార్చితో తల్లి ముందుకు వచ్చి వంగింది. గేవా నోట్లో మిగిలిన వక్క ఉమ్మేసింది.

“మీ పెద్దమ్మకూ ఇలాగే లైటు వేసి చూశారు. ఆర్నెల్లు తిరక్కుండానే పోయింది,” అని, కళ్లు మూసుకుని నోరు తెరిచింది.

బోయో చాలాసేపు చూసింది. నాలుక అంచులు, నాలుక కింద, చిగుళ్ల వెనక. మళ్లీ మొదటి నుంచి చూసింది. అప్పుడు టార్చి ఆర్పి, నేల మీద కూలబడింది.

“ఏముందే?” గేవా కళ్లు తెరిచింది.

“ఏమీ లేదమ్మా. శుభ్రంగా ఉంది.”

“మరి ఆ ఏడుపెందుకు?”

బోయో కళ్లు తుడుచుకుని ముగ్గురి వైపూ చూసింది.

“సోమవారం నా నాలుక మీది మచ్చ కోయించుకుంటున్నాను.”