సొట్ట పడని రేకు

ఉయ్యాల కట్టేముందు నూరిస్ రేకు వైపు ఓసారి చూసుకుంది.

చక్కెర మిల్లు మైదానం చుట్టూ ఉన్న రేకులన్నీ బేస్‌బాల్ బంతులు తగిలి సొట్టలు పోయాయి. మొదటి బేస్ వెనక ఉన్న రేకు మాత్రం కొన్ననాటిలా నున్నగా ఉంది.

దాని గుంజకు మేరీమాత పటం తీగతో కట్టి ఉంది. పక్క ఊరి మిల్లు మూతపడిన ఏడాది నూరిసే కట్టింది.

"అప్పట్నుంచి ఒక్క బంతి ఇటు రాలేదు. అంతా తల్లి మహిమ," అనేది అందరితో.

అందుకే ప్రతి ఆదివారం ఆ పటం కిందే ఆమె పొయ్యి, బాణలి. పక్కనే ఉయ్యాలలో నెలల వయసు మనవరాలు, కొడుకు బిడ్డ. ముందు వల లేదు, గోడ లేదు.

ఆ రోజు ఉయ్యాలకు ఎదురుగా, ఎండలో, ముక్కాలిపీట వేసుకుని సిల్వెరియో కూర్చున్నాడు. కాళ్ల దగ్గర సంచి.

పక్క మిల్లు మూతపడితే పని వెతుక్కుంటూ ఈ ఊరొచ్చిన మనిషి. అప్పట్నుంచి మొదటి బేస్ దగ్గర నిలబడేది ఆయనే. పోయిన వారమే జట్టులోంచి తీసేశారు.

తీసేయమని గోల పెట్టింది నూరిసే.

"బ్యాటు పడితే ఈగను కూడా కొట్టలేడు. పోనీ బంతైనా నిలబడి పట్టుకుంటాడా? మావాడు విసిరినప్పుడల్లా దుమ్ములో పొర్లడమే!"

మావాడంటే కొడుకు రాదమేస్. మూడో బేస్ దగ్గర దొర్లే బంతిని ఏరి, మైదానానికి అడ్డంగా మొదటి బేస్‌కు విసరడం అతని పని. పరుగెత్తేవాడికంటే బంతి ముందు చేరితే అవుట్. ఆ విసురుకు ఊరంతా ఈలలు వేసేది.

"ఏవయ్యా, ఎండలో ఏం చేస్తున్నావ్?"

"ఇక్కడ బాగుంది."

"నీకు బాగుంది, నా బేరానికే అడ్డం. నీడలోకి జరుగు."

"ఇక్కడే బాగుంది దోన్యా నూరిస్."

"తీసేయించింది నేనని కోపమా?"

"లేదు."

"ఉన్నా పర్లేదులే. ఇదిగో, తిను. ఊరికే ఇచ్చానని ఎవరికీ చెప్పకు, ఎగబడతారు."

వేయించిన అరటికాయ చెక్కలు. సిల్వెరియో ప్లేటు అందుకుని సంచి మీద పెట్టాడు. తినలేదు. చూపంతా మూడో బేస్ మీదే.

సిల్వెరియో చోట్లోకి కొత్తగా వచ్చిన ఒనేసిమో బ్యాటు పట్టాడు. మొదటి దెబ్బకే బంతి చెరకు తోటలో పడింది. జనం లేచి చిందులేశారు.

"చూశావా! అదీ మనిషంటే. ఆ ప్యాంటు చూడు, మల్లెపువ్వులా ఉంది. నీ ప్యాంటు ఏనాడైనా అలా ఉందా?"

"లేదు," అన్నాడు సిల్వెరియో.

జట్లు మారాయి. అవతలివాడు కొట్టిన బంతి మూడో బేస్ వైపు దొర్లింది.

రాదమేస్ ఏరాడు. విసిరాడు. ఈలలు మోగాయి.

ఒనేసిమో చెయ్యి చాచాడు, కాలు మాత్రం కదపలేదు. బంతి ఆ చేతికి మూరెడు అవతలగా దూసుకుపోయింది.

నూరిస్ చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది.

బంతి సూటిగా ఉయ్యాల మీదికే వస్తోంది.

ముక్కాలిపీట తిరగబడింది. చెళ్లుమని చప్పుడు.

సిల్వెరియో దుమ్ములో బోర్లా పడి ఉన్నాడు. చాచిన వట్టి చేతిలో బంతి.

ఉయ్యాలలో పిల్ల నిద్రలోనే పెదవులు చప్పరించింది.

నూరిస్ పరుగున వచ్చి ఎత్తుకుంది. తల తడిమింది, కాళ్లు తడిమింది, గుండెకేసి అదుముకుంది. బంతికి లేవని పిల్ల ఆ అదుముడుకు లేచి మైదానం దద్దరిల్లేలా ఏడ్చింది.

ఆ ఏడుపు విని జనమంతా ఊపిరి పీల్చుకున్నారు. ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు.

రాదమేస్ వగరుస్తూ వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏంట్రా, కొత్తాయన పట్టలేకపోయాడు?" అంది నూరిస్.

"పట్టేలా విసిరితే కదమ్మా."

"మరి ఇన్నేళ్లూ?"

"ఇన్నేళ్లూ ఇలాగే విసిరాను. ఒకటి నెత్తి మీదుగా, ఇంకోటి కాళ్ల కింద." తల దించుకున్నాడు. "ఆయన పొర్లేవాడు. ఈలలు నాకేసేవాళ్లు."

జట్టు పెద్ద చాగో కూడా వచ్చాడు.

"సిల్వెరియో, లేవయ్యా! గ్లవ్ తొడుక్కుని దిగు, నీ చోటు నీకే!"

సిల్వెరియో లేచి చెయ్యి చూపించాడు. నడిమి వేలు పక్కకు తిరిగిపోయి ఉంది.

"అయ్యో... ఇంక ఈ ఏడాదికి నువ్వు ఆడినట్టే." చాగో పెదవి విరిచాడు. "అవునూ, పొద్దున బస్సుకే మీ అక్క దగ్గరికి పోతానన్నావుగా?"

"పోతున్నా. దారిలో ఉయ్యాల కనబడింది."

నూరిస్ పిల్లను కొడుకు చేతికిచ్చింది. ప్లేటుతో సహా బట్టల సంచిని తీసి తన పొయ్యి పక్కన పెట్టింది. పీటను నీడలోకి లాగింది. పానీయాల డబ్బాలోంచి ఐసుముక్క తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"కూర్చో. వేలు మానేదాకా బస్సు ఊసెత్తకు. మూడు పూటలా నా దగ్గరే భోజనం."

ఈసారి ఆయన నీడలోనే కూర్చున్నాడు.

"చూశారా, తల్లి మహిమ!" అని గుంపులోంచి ఎవరో అరిచారు.

నూరిస్ పటం వైపు చూసింది, నున్నటి రేకు వైపు చూసింది, తర్వాత పీట మీది మనిషి వైపు తిరిగింది.

పక్క మిల్లు మూతపడిన ఏటి నుంచి ఆమె ఊరందరికీ చెబుతూ వచ్చిన ఆ మహిమ, వాచిన వేలిని ఒళ్లోని ఐసుముక్కకు ఆనించి, చల్లారిన అరటికాయ చెక్కలు ఒంటిచేత్తో తింటోంది.