ఊడని ప్లగ్గు

జరగండి, ఇంకాస్త నా దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు.

కొండాపూర్‌లో ఒక ఫంక్షన్ హాలు మేడ మీద ఆదివారం ఆదివారం చర్చి ఆరాధన జరిగేది. కిరాయి హాలు. గోడకున్న ప్లగ్గు పాయింట్లన్నీ వదులైపోయినవే. పాట మంచి ఊపులో ఉండగా స్పీకరు ప్లగ్గు జారిపోయేది. పాట అక్కడే ఆగిపోయేది.

కీబోర్డు వాయించే కిరణ్ పాల్‌కు అది చూసీ చూసీ ఒక ఆలోచన పుట్టింది. ప్లగ్గును కదలకుండా పట్టి ఉంచే బిగింపు ఒకటి తనే చేస్తే?

కంప్యూటరు ఉద్యోగం మానేసి మరీ కూర్చున్నాడు. స్విచ్‌బోర్డు చుట్టూ గోడకు అతుక్కునే ప్లాస్టిక్ చట్రం, దానికి రెండు కొక్కేలు. ప్లగ్గు పెట్టి కొక్కేలు మూస్తే ఇక అది ఎటూ పోకూడదు. చేశాడు, విరగ్గొట్టాడు, మళ్లీ చేశాడు. చివరికి ఒకటి తెచ్చి ఆ హాల్లోనే స్పీకరు ప్లగ్గుకు బిగించాడు.

మొదట ఒకటి రెండుసార్లు ఏమైందో ఎవరికీ గుర్తులేదు. తర్వాత మాత్రం పాట ఆగలేదు. వానాకాలం గడిచింది, చలికాలమూ వచ్చింది. ప్లగ్గు ఊడలేదు.

ఆ మాట పట్టుకుని అతను ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడ యంత్రాలు కొనే హర్షిణి మేడమ్ అంతా విన్నది.

"మా ఐసీయూలో ఎవరిదో కాలు తగిలి ప్లగ్ ఊడితే పేషెంట్ ప్రాణం మీదికొస్తది. బొమ్మలు చూపిస్తే నమ్మ. పని చేస్తుంటే చూడాలె. మీ ఆరాధనకు నేనే వస్త."

ఆమె సరేనంటే కిరణ్ నిలబడతాడు. కాదంటే మానేసిన ఉద్యోగం కోసం మళ్లీ తిరగాలి.

ఆ ఆదివారం పెందలాడే వచ్చాడు. వచ్చి చూస్తే ప్లగ్గుకు అడ్డంగా ఒక ముసలామె.

ఎప్పుడూ అక్కడే కూర్చుంటుంది. గోడకు ఆనుకుని, వెలిసిన చీర కొంగు వెనక్కి కప్పుకుని. ఎవరి తాలూకో, పేరేమిటో అతను ఎన్నడూ అడగలేదు.

"అమ్మా, లేచి కుర్చీలో కూర్చోండి."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇవాళ పెద్దవాళ్లు వస్తున్నారు. ఇది వాళ్లకు కనపడాలి. లేవండి."

ఆమె ప్లగ్గును చూపించింది. మళ్లీ తల ఊపింది.

"అవును, అదే. దాన్ని ముట్టుకోకు. నేను చేసిందది."

మొండితనం అనుకున్నాడు. రెక్క పట్టి లేపాడు. తీసుకెళ్లి చెప్పులు విడిచే చోట కూర్చోబెట్టాడు. అతని వెనకే మళ్లీ వచ్చేసింది. ఈసారి మెట్లు దింపి, కింద చూపించి, రావద్దన్నట్టు వేలు ఆడించాడు. ఆమె అతని ముఖంలోకి కాసేపు చూసి, వెనుదిరిగి దిగిపోయింది.

పాట మొదలైంది. హర్షిణి ప్లగ్గుకు ఎదురుగానే కూర్చుంది. డ్రమ్ము మోగిన కొద్దీ గోడ అదిరింది. చట్రం ఒక మూల లేచింది. ఇంకో మూల లేచింది. కొక్కేలు ప్లగ్గును వదల్లేదు, చట్రమే గోడను వదిలేసి, ప్లగ్గుతో సహా కిందపడింది.

పాట ఆగిపోయింది.

"ఎప్పుడూ ఇలా కాలేదు మేడమ్. ఇన్ని నెలల్లో ఇదే మొదలు."

చాప మీదున్న లీదియమ్మ కళ్లజోడు సర్దుకుంది. "ఎందుకు ఊడుద్ది బాబూ, ఆవిడ పట్టుకుని కూర్చునేది కదా."

"ఎవరు?"

"ఆ పెద్దావిడే. కొంగు చాటున చెయ్యి వెనక్కి పెట్టి, ఆరాధన అయిందాకా అదిమిపట్టేది. తిమ్మిరెక్కితే చెయ్యి మార్చేది. నువ్వే కూర్చోబెట్టావనుకున్నామయ్యా అందరం."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

కిరణ్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు. తన పనితనమని ఇన్నాళ్లూ చెప్పుకు తిరిగింది ఒక ముసలి అరచేతిని.

"ఈడ ఊడింది, నయమే అయింది," అంది హర్షిణి లేస్తూ. "మా బెడ్ కాడ ఊడలే." కోపంగా అన్నా బాగుండేది. నెమ్మదిగా అంది.

అతను మెట్లు దిగి పరుగెత్తాడు. కింద ముసలామె లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ మొగిలి లేచి నిలబడ్డాడు.

"మా మేనత్త సార్, బుచ్చమ్మ. ఇప్పుడే గోపన్‌పల్లి ఆటో ఎక్కిచ్చిన."

"ప్లగ్గు ఎందుకు పట్టుకునేది?"

"మీరు పెట్టిన కొత్తల అది ఊడింది సార్. నేను ఆడనే కుర్చీలేస్తున్న. అందరి మొకాలు వాడిపోయినయ్. గీమె పోయి దాన్ని లోపలికి వత్తంగనే మళ్ల కళ వచ్చింది. గప్పటిసంది ఆదివారమొస్తే ఆగది. మనం ఎల్లమ్మకు మొక్కెటోళ్లం, ఆడ నీకేం పని అని ఇంట్ల నవ్వుతరు."

"వచ్చే వారం తీసుకురా మొగిలీ."

మొగిలి నేల చూశాడు. "ఇగ రాదు సార్. నా తప్పేందన్నట్టు నా మొకమే చూసుకుంట ఆటో ఎక్కింది."

కిరణ్ గోపన్‌పల్లి వెళ్లాడు. ఆమె ముందు చేతులు జోడించాడు. ఆమె మంచినీళ్లిచ్చింది, భుజం తట్టింది. ఆ మెట్లు మాత్రం మళ్లీ ఎక్కలేదు. ఆసుపత్రి వాళ్లూ మళ్లీ పిలవలేదు. తర్వాత చట్రాన్ని మరలతో గోడలోకి దిగేలా మార్చాడు. అదిప్పుడు నిజంగానే ఊడదు. అయినా అది నేను చేశానని చెప్పడానికి అతనికి నోరు రాదు.

ఇది మనసులో పెట్టుకోండి నాయనా, మీ వాళ్లకు చెప్పండి. చెప్పేటప్పుడు సిగ్గేసి చివరి మాట మింగేయకండి: వాళ్ల పాటను అన్నాళ్లు అరచేత్తో కాపాడిన బుచ్చమ్మది పుట్టు చెవుడు.