మరీ చల్లటి మెషీన్

"నీ మెషీన్ నువ్వు పట్టుకుపో బాబూ. మాకొద్దు," అంది హిల్కా.

తర్మో గుమ్మంలోనే ఆగిపోయాడు. మంచులోంచి అప్పుడే లోపలికొచ్చాడు, ఇంకా టోపీ కూడా తియ్యలేదు. నలభై మెషీన్ల ఆర్డరు కాగితం సంచిలో పెట్టుకుని, సంతకం అయిపోయినట్టే అనుకుని, దారి పొడవునా ఈల వేసుకుంటూ వచ్చాడు.

"ఏం, మధ్యలో ఆగిపోతోందాండీ?"

"లేదు."

"నెమ్మదిగా నడుస్తోందా?"

"గుర్రంలా పరిగెడుతోంది."

"పోనీ, చప్పుడు?"

"ఫ్యాన్ ఉంటే కదా చప్పుడు! ఇక్కడ సీనిక్కా కడుపులో పేగులు అరిస్తే నాకు అక్కడికి వినపడుతోంది."

గుమాస్తా సీనిక్కా తల దించుకుని టైపు చేసుకుంటోంది. రెండో గుమాస్తా ఓయిలి కిటికీలోంచి మంచుకేసి చూస్తోంది.

"మరింక దాని తప్పేమిటండీ?"

హిల్కా బల్ల మీది కాగితాలు సర్దసాగింది. ముప్పయ్యేళ్లుగా హర్యుకోస్కి మునిసిపల్ ఆఫీసును ఒంటిచేత్తో ఏలుతున్న మనిషి. ఊళ్లో ఎంతటి మొండివాడినైనా కళ్లలో కళ్లు పెట్టి చూసి దారికి తెస్తుంది. అలాంటి మనిషి చూపు పక్కకు తిప్పేసుకుంది.

ఆ మెషీన్ అంటే తర్మోకి ప్రాణం. అది కంప్యూటరే గానీ లోపల ఫ్యాన్ ఉండదు. వేడంతా పైనున్న అల్యూమినియం పలకలోకి పాకి, అక్కణ్ణుంచి గాల్లో కలిసిపోతుంది. నెల క్రితం మొదటిది తెచ్చి పెడితే ఈ ముగ్గురూ దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. వారం పోయాక చూడ్డానికి వస్తే, వేడివేడి యాలకుల బన్నులు నాలుగు తినిపించేదాకా వదల్లేదు. "నలభై తీసుకుంటాం పో!" అని హిల్కా నోటిమాటగా అనేసింది కూడా.

తర్మోయే ఊరుకోలేకపోయాడు. మెషీన్ తనలో దాచుకున్న వేడి లెక్క తీసి చూస్తే, పనిదినాల్లో రోజూ ఎనిమిదింటి నుంచి పదింటిదాకా దాని ఒళ్లు కాలిపోతోంది. పొద్దున్నే పని ఎక్కువ కాబోలు, పాపం, అనుకున్నాడు. రెండు వారాలు తిండి కూడా సరిగ్గా తినకుండా కూచుని కొత్తది చేశాడు. నున్నటి పలక తీసేసి, దువ్వెన పళ్లలా నిటారుగా రేకులు నిలబెట్టాడు. పోయిన సోమవారం పాతదాన్ని తీసుకెళ్లిపోయి దీన్ని పెట్టాడు. పాతదాని మీదున్న ఎర్ర చీటీ దీని మీదా అంటించాడు: 'దీనిపై ఏమీ పెట్టరాదు. పెడితే గ్యారంటీ చెల్లదు.'

జేబులో ఫోను మోగింది. కౌకో బావ.

"ఏరా, నీ మూగపెట్టె ఎవరైనా కొన్నారా? మాటంటే మాటే. ఇవాళ సంతకం కాకపోతే నీ షెడ్డుకి తాళం వేసి, సోమవారం నుంచి మా ఫ్యాన్ల ఫ్యాక్టరీకి రావాలి. రెక్కలు బిగించే బల్ల నీకోసం తుడిపించి ఉంచాను."

"పెట్టెయ్ బావా!"

పదేళ్లుగా ఫ్యాన్లను తిట్టిన నోరు. ఇప్పుడు బావ కింద, ఆ ఫ్యాన్ల మధ్య! తలచుకుంటేనే తర్మోకి ఏడుపొచ్చింది. గబగబా వెళ్లి మెషీన్ మీద అరచెయ్యి ఆనించాడు.

"మీరే వచ్చి ముట్టుకోండి! పొద్దుట్నుంచీ పనిచేస్తున్నా ఎంత చల్లగా ఉందో!"

"అవును, ఉంది," అంది ఓయిలి నీరసంగా.

"నువ్వు నోరు ముయ్యి," అంది హిల్కా.

గోడ గడియారం రెండు కొట్టింది. ఈ దేశంలో ప్రళయం వచ్చినా కాఫీ వేళ మాత్రం దాటదు. నలుగురూ వంటగది బల్ల చుట్టూ చేరారు. కాఫీ పొగలు కక్కుతోంది గానీ, పళ్లెంలో ఉన్నవి దుకాణం బిస్కెట్లు. తర్మో ఒకటి కొరికితే కర్రముక్క విరిగినట్టయింది.

"ఇవాళ బన్నులు చెయ్యలేదా?" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ఓయిలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సీనిక్కా ఆమె కాలు తొక్కింది.

తర్మో ఇక పట్టలేక లేచి నిలబడ్డాడు. "హిల్కా గారూ, మీ కాళ్లు పట్టుకుంటాను. ఏం లోపమో నోరు తెరిచి చెప్పండి. ముక్కలు చేసి మళ్లీ కడతాను. నేనేమీ అనుకోను, ఒట్టు!"

"అనుకోవుగా? మరి ఆ చీటీ సంగతో?"

"ఏ చీటీ?"

"అదే, ఎర్రది. గ్యారంటీ అనీ, చెల్లదనీ..."

తర్మో ఒక్క అంగలో వెళ్లి, మెషీన్ మీది చీటీ పర్రున చింపి ఉండచుట్టి తెచ్చి చెత్తబుట్టలో పారేశాడు. "పోయింది! ఇప్పుడు చెప్పండి!"

ముగ్గురి మొహాల్లోకీ ప్రాణం వచ్చింది. హిల్కా లేచి తలుపు దగ్గరికి వేసింది. బీరువా తెరిచి, తువ్వాలు కప్పిన పెద్ద గిన్నె ఒకటి రెండు చేతులతో ఎత్తి తెచ్చి అతని ముందు పెట్టింది. తువ్వాలు తీసింది. అడుగున పిండిముద్ద గులకరాయిలా పడుంది.

"బన్నుల పిండి కలిపి, పొంగడానికి ఎనిమిదింటికి నీ మెషీన్ మీద పెట్టాను. నువ్వొస్తున్నావని ఓయిలి కిటికీలోంచి చూసి చెప్తే దించి దాచాను. ఆ రేకుల మీద గిన్నె తిన్నగా నిలవదు సరికదా, పిండి వీసమెత్తు పొంగలేదు. పాతదాని మీదైతే ఆ వెచ్చదనానికి పదింటికల్లా పొంగి గిన్నె దాటేది. కాగితం ఇలా తే, సంతకం పెడతాను. ముప్పై తొమ్మిది నీ ఇష్టమొచ్చినంత చల్లగా చేసుకో నాయనా, నలభయ్యోది మాత్రం ఆ పాతదే పట్రా!"