సావనీరు, పద్నాలుగో పేజీ

సెరీనా ఆ వాక్యాన్ని మూడోసారి తీసేసింది.

తెలుగు వికీలో "ఆస్ట్రేలియాలో తెలుగువారు" అనే వ్యాసం అది. ఐజాక్ అనే కొత్త సభ్యుడు రోజూ వచ్చి అందులో ఒకే వాక్యం చేరుస్తున్నాడు: "సిడ్నీలో ఒక గ్యారేజీలో పన్నెండు మందితో తెలుగు గానబృందాన్ని మొదలుపెట్టింది జ్ఞానకుమారి." వాక్యం బాగానే ఉంది. దానికి మూలం ఇవ్వడమే ఆయనకు చేతకావడం లేదు.

వికీలో సెరీనా పెట్టుకున్న పేరు కాకటూ, ఆస్ట్రేలియా తెల్ల చిలుక పేరు. ఆదివారం బడిలో బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు ఆమెది. మూలాల దగ్గర మాత్రం మహా ఖచ్చితం. అమ్మ అంత్యక్రియలై ఐదు వారాలైంది. అప్పట్నుంచీ యూనివర్సిటీకి పోలేదు, ఏడవనూ లేదు. సిడ్నీ శివారు గిరావీన్‌లో తన గది తలుపేసుకుని వికీలో తప్పులు దిద్దుతోంది. మూలం లేని వాక్యాన్ని తీసేయడానికి మనసుతో పనిలేదు కదా, అందుకే ఆ పని నచ్చింది.

చర్చాపేజీలో ఐజాక్ రాశాడు: "కాకటూ గారికి వందనాలు. మా సంఘం రజతోత్సవ సావనీరు నా చేతిలోనే ఉంది. ఆమె గురించి అందులో వేశారు. మళ్ళీ ఎందుకు తీసేశారు?"

"సావనీరులో ఆ వ్యాసం రాసిన రచయిత ఇంటిపేరు గడిలో గిడియన్ అని రాశారు. పులిదిండి కదా ఆయన ఇంటిపేరు. ప్రచురించిన సంవత్సరం దగ్గరేమో ఇవాళ్టి తేదీ వేశారు. అది 'చూసిన తేదీ' గడిలో వేయాలి" అని సెరీనా జవాబిచ్చింది.

"ఈ గడులు నాకు అచ్చిరావండీ. ఈ దేశం వచ్చిన కొత్తలో మా అమ్మాయి స్కూలు ఫారంలోనూ ఇదే చేశాను. ఏడాదంతా టీచర్లు దాన్ని ఇంటిపేరుతోనే పిలిచారు."

సెరీనా నవ్వలేదు. "సరిచేసి మళ్ళీ పెట్టండి" అని రాసింది.

సాయంత్రం క్లాస్‌మేట్ జెన్సీ ఫోన్ చేసింది.

"రేపు ఆర్వో, లంచ్ తర్వాతైనా క్లాసుకి వస్తావా సెరీ? సెమిస్టర్ విత్‌డ్రా చేయాలంటే ఫ్రైడే లాస్ట్ డే అంట. ఇంట్లో అసలు ఎవరితోనన్నా మాట్లాడుతున్నావా?"

"లేదు."

"మరి రోజంతా ఏం చేస్తున్నావే?"

"ఒకాయనకి రిఫరెన్సులు పెట్టడం నేర్పిస్తున్నా."

"పాపం ఆయన" అంది జెన్సీ.

మర్నాడు సెరీనా తలుపు బయట పెట్టి ఉన్న కంచం తెచ్చుకుని నాలుగు ముద్దలు తింది. రుచి తెలియలేదు. ఐజాక్ ఆలస్యంగా వచ్చాడు, చారు పొంగిపోయిందట. ఈసారి ఇంటిపేరు కుదిరింది, సంవత్సరం కుదిరింది. పేజీ సంఖ్య లేదు. తీసేసింది.

తీసేసినప్పుడల్లా ఆయన ఒక కొత్త సంగతి రాస్తాడు. "నేను కళ్ళారా చూశానమ్మా. వర్షానికి గ్యారేజీలోకి నీళ్ళొస్తే హార్మోనియం ఒళ్ళో పెట్టుకుని పాడించింది. ఎవరికి శ్రుతి తప్పితే వాళ్ళకి ఒక ఇడ్లీ ఎక్కువ వేసేది, ఆకలికే తప్పిందని."

"మీరు చూసింది మూలం కాదు" అని కాకటూ జవాబు.

"తెలుసు. ఆమె పేరు ఎక్కడో ఒకచోట ఉండిపోవాలని నా ఆశ. ఇంట్లో ఆ మాటెత్తడానికి నాకు నోరు పెగలదు. ఇక్కడైతే రాయగలుగుతున్నాను."

సెరీనా దాన్ని చాలాసార్లు చదివింది. జవాబు మాత్రం ఒక్క ముక్కే రాసింది: "పేజీ సంఖ్య."

గురువారం మధ్యాహ్నం ఐజాక్ మళ్ళీ పెట్టాడు. పులిదిండి ఇంటిపేరు గడిలో ఉన్నాడు, గిడియన్ పేరు గడిలో ఉన్నాడు. సావనీరు పేరు, సంవత్సరం, ప్రచురించిన సంఘం, పద్నాలుగో పేజీ, చూసిన తేదీ. సెరీనా రెండుసార్లు సరిచూసింది. వంక పెట్టడానికి ఏమీ లేదు.

"ఇప్పుడైనా ఉంచుతారా?" అని కింద అడిగాడు.

సెరీనా ఆ పద్నాలుగును చెరిపేసి "పేజీ సంఖ్య లేదు, మళ్ళీ చూడండి" అని రాసింది, ఒప్పుకుంటే పక్క గదిలో రెండు వేళ్ళతో టైపు చేస్తున్న నాన్న ఇక అమ్మ గురించి ఒక్క మాట కూడా రాయడని.