పాత పేరు

కుళాయిలో నీళ్లు రావాలన్నా, పొయ్యి వెలగాలన్నా ఇప్పుడు ఏ ఇంట్లోనైనా కంప్యూటర్‌ని పేరు పెట్టి పిలవాల్సిందే. సింహాచలం తన ఇంటి కంప్యూటర్‌కు తన పేరే పెట్టుకున్నాడు, తన గొంతే ఇచ్చాడు. మొగుడి పేరు నోట పలకని వరహాలమ్మ దాన్ని కూడా "ఏమయ్యా" అనే పిలిచేది. కొన్నాళ్లకు అది ఆ పిలుపుకు అలవాటు పడిపోయింది.

ఇప్పుడు సింహాచలం లేడు. చనిపోయిన మనిషి పేరు మీద కంప్యూటర్ ఉంటే ఆ ఇంటికి నీళ్లూ కరెంటూ ఆపేస్తారు. అందుకే దినకార్యం అవగానే కూతురు హైమ సెట్టింగ్స్ తెరిచి, "పేరు మార్చు" అన్నచోట నొక్కి, "ఇల్లు" అని కొట్టింది. మార్పు ఖాయం కావాలంటే పాత పేరును భార్య ఒక్కసారి పైకి చెప్పాలని తెర అడిగింది.

"చెప్పమ్మా."

"నానెలా సెప్తానే? ఆయనున్నన్నాళ్లూ ఒక్కసారీ అన్నేదు."

"చెప్పకపోతే రేపట్నించి నీళ్లుండవమ్మా."

వరహాలమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుంది. గోడ వైపు తిరిగి, "సింహాచలం" అంది.

"ఏటే, ఇన్నాళ్లకి పేరెట్టి పిలిసేవు?" ఆయన గొంతు నవ్వింది.

ఆమె ఇటు తిరిగేలోగా తెర నల్లబడి, కొత్త పేరుతో మళ్లీ వెలిగింది.

మర్నాడు పొద్దున్నే టీ గిన్నె పొయ్యిమీద పెట్టి, అలవాటుగా అంది, "ఏమయ్యా, పొయ్యెలిగించు."

పొయ్యి వెలగలేదు. ఎవరిదో కొత్త గొంతు మర్యాదగా అడిగింది:

"ఎవరిని పిలుస్తున్నారండీ?"